రీఫ్ ట్యాంకులో పెద్ద చేపలు: కొనడానికి ముందు నుంచి రోజువారీ పోషణ దాకా

దుకాణంలో బ్లూ టాంగ్ అనే సముద్రపు చేప పిల్ల బొటనవేలంతే ఉంటుంది. మూడడుగుల ట్యాంకులో కూడా ముచ్చటగా తిరుగుతుంది. అదే చేప సరిగ్గా పెరిగితే 30 సెంటీమీటర్లు అవుతుంది. ఎల్లో టాంగ్ 20 సెం.మీ. దాకా, మన హిందూ మహాసముద్రపు పౌడర్ బ్లూ టాంగ్ 23 సెం.మీ. దాకా పెరుగుతాయి. ఎంపరర్ ఏంజెల్ 40, నాసో టాంగ్ 45 సెం.మీ. అందుకుంటాయి. వీటిని రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, ఏళ్ళ తరబడి ఆరోగ్యంగా ఉంచొచ్చు. కాకపోతే అందుకు కావాల్సిన ఏర్పాట్లలో చాలా భాగం చేప ఇంటికి రాకముందే జరగాలి.

రీఫ్ పెంచేవాళ్ళలో ఎక్కువమంది చూపు పగడాల మీదే ఉంటుంది. నీళ్ళలో నైట్రేట్ (మేత, మలం నుంచి చేరే వ్యర్థం) కాస్త పెరిగితే మొదట కోత పడేది చేపల తిండికే. ఈ పద్ధతి తప్పని నా గట్టి నమ్మకం. పెద్ద చేప కావాలనుకున్నప్పుడు ట్యాంకును దాని ఊపిరికీ ఆకలికీ సరిపడేలా కట్టాలి, వడపోతను ఆ తిండికి తగ్గట్టు పెంచాలి. ఆ నీళ్ళలో పగడాలూ బాగానే ఉంటాయి. పైగా చేపలు మొప్పల ద్వారా వదిలే అమ్మోనియాను పగడాల్లో ఉండే సూక్ష్మ శైవలాలు పోషకంగా వాడుకుంటాయి. కడుపునిండా తినే చేపలున్న ట్యాంకులో పగడాల రంగు బాగుండటానికి అదీ ఒక కారణం.

1. ముందు పొడవు చూడండి, లీటర్లు తర్వాత

టాంగులు ఈతగాళ్ళు. సముద్రంలో రోజంతా పాచి గీరుకుంటూ రీఫ్ వెంట తిరుగుతాయి. ఎత్తుగా, పొట్టిగా ఉన్న ట్యాంకులో 600 లీటర్ల నీళ్ళున్నా వాటికి పరుగు తీసే జాగా ఉండదు. ఎల్లో టాంగ్ లాంటివాటికి కనీసం నాలుగైదు అడుగుల పొడవు, బ్లూ టాంగ్, పౌడర్ బ్లూలకు ఆరడుగులు, నాసో, సోహల్ టాంగులకూ ఎంపరర్ ఏంజెల్‌కూ ఎనిమిది అడుగులు ఉండాలి. వెడల్పు రెండడుగులకు తగ్గితే పెద్ద చేప వెనక్కి తిరగడానికే ఇబ్బంది పడుతుంది. "ఇప్పుడు చిన్న ట్యాంకు, పెరిగాక పెద్దది" అనే లెక్క దాదాపు ఎప్పుడూ అమలు కాదు. ఇరుకులో గడిపిన ఆ ఏడాది రెండేళ్ళలో చేప ఎదుగుదల దెబ్బతింటుంది, స్వభావం కూడా మారిపోతుంది.

ఆరడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 680 లీటర్లు పడతాయి. ఉప్పునీరు కాబట్టి నీటి బరువే దాదాపు 700 కిలోలు. అద్దం, స్టాండు, రాళ్ళు, కింద సంపు (వడపోత పరికరాలు పెట్టే రెండో తొట్టి) కలిపితే టన్ను దాటుతుంది. అపార్టుమెంటులో అయితే బీము మీదుగా, గోడకు ఆనించి పెట్టాలి. స్లాబు సంగతి స్ట్రక్చరల్ ఇంజినీరును అడిగాకే ఆర్డరివ్వండి.

రాళ్ళు పేర్చేటప్పుడు గోడలా ఒకటే గుట్ట కట్టకండి. రెండు మూడు దిబ్బలుగా విడదీసి, మధ్యలో చేప దూసుకెళ్ళే దారులు, రాత్రి ఒరిగి పడుకునే గుహలు ఉంచండి. బ్లూ టాంగ్ భయపడితే సందులో ఇరుక్కుని పక్కకు వాలి పడుకుంటుంది. అది దాని అలవాటు, కంగారు పడక్కర్లేదు. ఆ సందు మాత్రం చేప పెద్దయ్యాక కూడా పట్టేంత ఉండాలి.

రాళ్ళ దగ్గరే చట్టం గురించి కూడా చెప్పాలి. మన దేశంలో రీఫ్ కట్టే పగడాలను 2001లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలోకి తెచ్చారు. మన సముద్రంలోంచి తీసిన పగడాన్ని బతికున్నదైనా, ఎండినదైనా కొనకండి. బయటి దేశాల పగడాలైతే దిగుమతి పత్రాలు చూపించమని అడగండి. రాళ్ళకు సిరామిక్‌తోనో, సిమెంటుతోనో చేసినవి చాలు. ఏడాది గడిచేసరికి వాటికీ సముద్రపు రాళ్ళకూ తేడా కనిపించదు.

2. నీళ్ళు

బోరు నీళ్ళూ, మున్సిపల్ నీళ్ళూ నేరుగా పనికిరావు. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను పీల్చే డీఐ రెసిన్ కూడా దాటించి టీడీఎస్ సున్నాకు తేవాలి. తాగునీటి ఆర్‌ఓలో మినరల్స్ తిరిగి కలుపుతారు కాబట్టి అది ఇక్కడ సరిపోదు. లీటరుకు 35 గ్రాముల పైచిలుకు అక్వేరియం సీ సాల్ట్ కలిపితే సాంద్రత 1.025 నుంచి 1.026 వస్తుంది. దీన్ని రిఫ్రాక్టోమీటరుతో చూడండి, ఆ రిఫ్రాక్టోమీటరును 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) ద్రావణంతో సరిచేసుకోండి. తేలే హైడ్రోమీటర్లు తప్పు చూపించడం మామూలే.

ఉష్ణోగ్రత 25–26 డిగ్రీలు, పీహెచ్ 8.0–8.4, ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం) 8–9 డీకేహెచ్, కాల్షియం 420 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), మెగ్నీషియం 1300 పైన. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. పెద్ద చేపలున్న ట్యాంకులో నైట్రేట్ 5 నుంచి 15, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే చాలు, సున్నా కోసం పాకులాడొద్దు. అంకె కంటే నిలకడ ముఖ్యం. మన ఎండల్లో నీళ్ళు బాగా ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం ట్యాంకులోనే ఉండిపోతుంది. అందుకే రోజూ ఉప్పు కలపని ఆర్‌ఓ-డీఐ నీళ్ళతో మట్టం సరిచేసే ఆటో టాప్-అప్ పెట్టుకోవడం మంచిది.

మే నెల వేడికి రెండు ఊళ్ళలో రెండు దారులున్నాయి. హైదరాబాదు పొడిగాలిలో నీటి మీదికి ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో గాలి నిండా తేమే కాబట్టి ఫ్యాను అంతగా పనిచేయదు, చిల్లర్ తప్పదు. చిల్లర్ వదిలే వేడిగాలి గది బయటికి పోవాలి. స్టాండు కింద మూసిన పెట్టెలో పెడితే అది తను వదిలిన వేడినే మళ్ళీ లాక్కుంటూ ఆగకుండా తిరుగుతుంది.

3. ఊపిరి

పెద్ద చేపల్ని అన్నిటికంటే ఎక్కువగా పొట్టన పెట్టుకునేది ఆక్సిజన్ లోటు అని నేను అనుకుంటాను, చాలామంది దాన్ని జబ్బు అనుకుంటారు. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్ళలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ కరిగితే, సముద్రపు నీళ్ళలో 6.7 దాకానే కరుగుతుంది. 30 డిగ్రీలకు చేరితే అది 6.2కు పడుతుంది. అదే సమయంలో వేడికి చేప అవసరం పెరుగుతుంది. రాత్రంతా పాచి, పగడాలు, బ్యాక్టీరియా కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి కాబట్టి తెల్లవారుజామున అది అడుగంటుతుంది. పొద్దున లైటు వేసే సమయానికి చేప నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంటే ముందు ఈ కోణంలోనే ఆలోచించండి.

దీనికి చేయాల్సినవి:

- వేవ్‌మేకరును (ట్యాంకులో నీళ్ళను కదిలించే పంపు) నీటి ఉపరితలం గలగలలాడేలా తిప్పండి. అద్దంలా నిలిచిన నీటిపైన వాయు మార్పిడి సరిగా జరగదు.
- స్కిమ్మర్‌ను (గాలి బుడగలతో మలినాలను నురగగా తీసే పరికరం) మీ ట్యాంకు కొలతకు ఒక సైజు పెద్దది తీసుకోండి. అది మలినాలు తీయడంతో పాటు గాలి కూడా కలుపుతుంది.
- సంపులో ఆల్గే పెంచే రెఫ్యూజియం ఉంటే దాని లైటును రాత్రిపూట వెలిగించండి. రాత్రి పడిపోయే పీహెచ్‌ను కూడా అది ఆపుతుంది.
- ఏసీ గదిలో తలుపులు మూసి ఉంచితే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ దిగుతుంది. స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటికి లాగితే తేడా తెలుస్తుంది.

కరెంటు సంగతి వేరేగా చెప్పాలి. ఎండాకాలం సాయంత్రం గాలివానకు లైను పోయిందంటే, నీటి కదలిక ఆగాక ట్యాంకులో ముందు ఉక్కిరిబిక్కిరయ్యేది పెద్ద చేపే. ఇన్వర్టరు మీద హీటరూ లైట్లూ వద్దు. ఉపరితలాన్ని కదిలించే ఒక వేవ్‌మేకరు, కుదిరితే రిటర్న్ పంపు (సంపు నుంచి నీళ్ళు పైకి పంపేది) చాలు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి అదనంగా దగ్గరుంచుకోండి. రిటర్న్ ఆగితే పైనుంచి దిగే నీళ్ళు పట్టేంత ఖాళీ సంపులో ఉందో లేదో పంపు ఒకసారి ఆపి చూసుకోండి. విద్యుత్ సరఫరాకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) తప్పనిసరి, ఉప్పునీళ్ళలో చేయి పెట్టే మనిషి ప్రాణం దాని మీద ఆధారపడి ఉంటుంది.

4. ఎలాంటి చేపను తేవాలి

దుకాణంలో చేప తింటుండగా చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. మీ కళ్ళ ముందు మేత వేయమనండి. తల వెనక, వీపు పైభాగం లోపలికి పీక్కుపోయిందా, పొట్ట కింద నొక్కుకుపోయిందా చూడండి. టాంగును ఎదురుగా, ముక్కు వైపు నుంచి చూస్తే ఇది బాగా కనిపిస్తుంది: ఆరోగ్యమైన చేప వీపు కాస్త గుండ్రంగా ఉంటుంది, పస్తులున్నది కత్తి అంచులా సన్నబడుతుంది. కళ్ళు మసకగా ఉన్నా, రెండు మొప్పల్లో ఒకటే కదులుతున్నా వదిలేయండి. అడ్వాన్సు ఇచ్చి వారం రోజులు దుకాణంలోనే ఉంచమనడం అన్నిటికంటే చవకైన బీమా.

ఆగ్నేయాసియాలో కొన్ని చోట్ల సైనైడుతో చేపలు పట్టే అలవాటు ఇప్పటికీ పోలేదు. అలా పట్టిన చేప పైకి బాగానే కనిపించి కొద్ది వారాల్లో చనిపోవచ్చు. దొరికితే పెంపకం చేపనే తీసుకోండి. ఎల్లో టాంగ్‌ను 2015లో హవాయిలో, బ్లూ టాంగ్‌ను 2016లో ఫ్లోరిడాలో మొదటిసారి ట్యాంకుల్లో పిల్లల దశ దాటించి పెంచగలిగారు. ఇవి ధర ఎక్కువే, కానీ చిన్నప్పటి నుంచి ట్యాంకు మేతకు అలవాటు పడినవి. ఎంపరర్ లాంటి పెద్ద ఏంజెళ్ళు పగడాలను కొరుకుతాయని తెలుసుకునే తెచ్చుకోండి, ముఖ్యంగా మెత్తటి కండ ఉన్న ఎల్‌పీఎస్ పగడాలు, జోయాంథస్ అనే పగడపు జీవులు ఉంటే.

5. క్వారంటైన్: దీన్ని దాటవేయొద్దు

రీఫ్ ట్యాంకులో ఒకసారి జబ్బు చొరబడితే అక్కడ మందు వేసే దారి లేదు. కాపర్ (రాగి మందు) చేపను బతికిస్తుంది, పగడాలనూ రొయ్యలనూ నత్తలనూ చంపుతుంది. అందుకే వైద్యమంతా గుమ్మం బయటే అయిపోవాలి.

ఒక 150 లీటర్ల ఖాళీ ట్యాంకు చాలు. ఇసుక వద్దు, రాళ్ళు వద్దు, అవి కాపర్‌ను పీల్చేస్తాయి. దాక్కోవడానికి పెద్ద పీవీసీ పైపు ముక్కలు, ఒక స్పాంజి ఫిల్టరు, హీటరు, మూత. స్పాంజిని చేప రాకముందు నాలుగైదు వారాలు మీ సంపులో నానబెట్టి ఉంచితే బ్యాక్టీరియా పట్టి ఉంటుంది.

చేప ఇంటికి వచ్చిన రోజు కవరును తేల్చి ఉష్ణోగ్రత సరిపడనివ్వండి. కవరులో ఉప్పు ఎంతుందో కొలిచి, క్వారంటైన్ నీళ్ళను ముందే దానికి సరిపెట్టుకోండి. గంటల తరబడి చుక్కచుక్కగా నీళ్ళు కలిపే పద్ధతి దూర ప్రయాణం చేసిన పెద్ద చేపకు మంచిది కాదు. కవరులో అమ్మోనియా పేరుకుని ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తక్కువుండటంతో అది అణిగి ఉంటుంది. కవరు విప్పగానే పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. కాబట్టి విప్పాక ఆలస్యం చేయకుండా చేపను మాత్రమే మార్చండి, కవరు నీళ్ళు పారబోయండి.

టాంగును వలతో పట్టొద్దు. తోక మొదట్లో రెండు వైపులా కత్తిలాంటి ముల్లు ఉంటుంది, వలలో చిక్కుకుంటే చేపకు గాయం, విడదీయబోతే మీ చేతికి గాయం. ప్లాస్టిక్ డబ్బాతో నీళ్ళతో సహా ఎత్తాలి. ఫాక్స్‌ఫేస్ లాంటి రాబిట్‌ఫిష్ అయితే రెక్కల ముళ్ళలో విషం ఉంటుంది. గుచ్చుకుంటే చేయిని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఉంచి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మొదటి రెండు మూడు రోజులు మందేమీ వేయకుండా తినిపించండి. ఆ తర్వాత కాపర్ మొదలుపెట్టి, రెండు మూడు రోజుల్లో మెల్లగా పూర్తి మోతాదుకు తీసుకెళ్ళండి. కాపర్ పవర్ లాంటి చీలేటెడ్ కాపర్‌కు 2.25 నుంచి 2.5 పీపీఎం. క్యూప్రమైన్ అనే ఇంకో రకం కాపర్ మందుకు 0.5 పీపీఎం. ఈ రెండు అంకెలను తికమక పెట్టుకుంటే చేప చనిపోతుంది, కాబట్టి సీసా మీద రాసింది మళ్ళీ చదవండి. డిజిటల్ కాపర్ మీటరుతో రోజూ కొలవండి. ఒక్క రోజు మోతాదు తగ్గినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. 30 రోజులు ఇలా నడవాలి. కాపర్ ఉన్న నీళ్ళలో అమ్మోనియా, క్లోరిన్ విరిచే కండీషనర్లు కలపొద్దు, రెండూ కలిస్తే కాపర్ విషతీవ్రత పెరుగుతుంది. అమ్మోనియా పెరిగితే నీళ్ళు మార్చడమే మార్గం, కొత్త నీళ్ళలో అదే మోతాదు కాపర్ ముందే కలపండి.

కాపర్ అయ్యాక మొప్పల పురుగుల కోసం ప్రాజిక్వాంటెల్ వారం తేడాతో రెండుసార్లు వేయండి. అది వేసినప్పుడు నీటిలో ఆక్సిజన్ పడిపోవచ్చు, ఎయిర్ స్టోన్ బాగా నడపాలి. తర్వాత మందు లేని నీళ్ళలో ఇంకో రెండు వారాలు గమనించండి.

6. మెయిన్ ట్యాంకులోకి దించడం

ఒకే ఆకారం, ఒకే రంగు ఉన్న టాంగులు కొట్టుకుంటాయి. ముందు శాంతంగా ఉండేవాటిని దించి, పౌడర్ బ్లూ, సోహల్ లాంటి మొండివాటిని ఆఖర్న దించండి. రెండు ఎల్లో టాంగుల్లాంటివి కావాలంటే ఒకేసారి వదలాలి. కొత్త చేపను కొద్దిరోజులు రంధ్రాలున్న పారదర్శకమైన పెట్టెలో పెట్టి ట్యాంకులోనే ఉంచండి. పాత చేప పెట్టె మీదికి దూకి దూకి చివరికి పట్టించుకోవడం మానేస్తుంది, అప్పుడు వదలండి. అప్పటికీ తరుముతుంటే ట్యాంకు చివరి అద్దానికి బయట ముఖం చూసుకునే అద్దం ఆనించండి, రౌడీ చేప తన ప్రతిబింబంతో తలపడుతూ కొత్తదాన్ని వదిలేస్తుంది.

7. తిండి

టాంగు పేగు పొడవైనది. సముద్రంలో అది పొద్దంతా కొంచెం కొంచెం పాచి గీరుతూనే ఉంటుంది. రోజుకొకసారి గుప్పెడు మేత వేస్తే దాని ఒంటికి సరిపడదు. కడుపు ఖాళీగా ఉన్న చేపే పక్కవాటిని తరుముతుంది, పగడాల్ని కొరుకుతుంది, జబ్బుకు ముందు లొంగుతుంది.

పొద్దున్నే లైటు వెలిగాక క్లిప్పుకు నోరి (ఎండబెట్టిన సముద్రపు పాచి) షీటు పెట్టండి. సుషీకి వాడే, ఉప్పూ నూనే మసాలా లేని నోరి ఇప్పుడు హైదరాబాదు సూపర్ మార్కెట్లలో దొరుకుతోంది. చిరుతిండిగా అమ్మే సీవీడ్ ప్యాకెట్లలో నూనె, ఉప్పు ఉంటాయి, అవి వద్దు. కొత్త చేప క్లిప్పు చూసి బెదిరితే నోరిని రాయికి రబ్బరు బ్యాండుతో కట్టి పెట్టండి, రాయి మీద గీరుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన పని. ఒక ఆరోగ్యమైన 15 సెం.మీ. టాంగు ముందు అంచును చీల్చి తల విదిలించి ముక్క తెంపుకుంటుంది, ఆ విసురు చూస్తేనే దాని ఆకలి తెలుస్తుంది.

మధ్యాహ్నం, సాయంత్రం మైసిస్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు), స్పిరులినా పాచి కలిసిన పెల్లెట్లు. ఏంజెళ్ళకు సముద్రపు స్పాంజి (ఒక జీవి) కలిపిన ప్రత్యేక ఫ్రోజెన్ మేత దొరుకుతుంది, అది వాటికి కావాలి. బజారు రొయ్య, స్క్విడ్ ముక్కలు ఫ్రీజరులో గడ్డకట్టించి అప్పుడప్పుడు ఇవ్వొచ్చు, అవే రోజూ తిండి కాకూడదు. వారంలో రెండుసార్లు మేతను విటమిన్ ద్రావణంలో నానబెట్టండి. పాలకూర, క్యాబేజీ ఆకలి తీరుస్తాయేమో గానీ సముద్రపు పాచి ఇచ్చే పోషణ ఇవ్వవు. కోడి, మేక మాంసంలోని కొవ్వు చేప లివరుకు చేటు. విశాఖ తీరంలో రాళ్ళ మీద పచ్చగా పెరిగే పాచి చూస్తే ఎవరికైనా తెచ్చి వేయాలనిపిస్తుంది. నగరపు మురుగూ, ఓడరేవు నూనే తాకిన నీళ్ళలో పెరిగింది కాబట్టి వద్దనే అంటాను. రెఫ్యూజియంలో అల్వా, గ్రాసిలేరియా అనే సముద్రపు పాచి రకాలు మీరే పెంచుకుంటే అదే తాజా మేత, అదే నైట్రేట్ తీసే వడపోత.

ఇంత తిండి వేస్తే నైట్రేట్, ఫాస్ఫేట్ పెరగవా? పెరుగుతాయి. అప్పుడు స్కిమ్మర్ కప్పు తరచూ కడగండి, ఫిల్టర్ ఫ్లాస్ (దూది లాంటి వడపోత పొర) రెండు మూడు రోజులకోసారి మార్చండి, వారానికి 10 శాతం నీళ్ళు మార్చండి, రెఫ్యూజియం పెంచండి, ఫాస్ఫేట్ ఇంకా దిగకపోతే జీఎఫ్‌ఓ (ఫాస్ఫేట్‌ను పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) కొద్దిగా వాడండి. మేత గిన్నె మాత్రం ముట్టుకోకండి.

నీళ్ళను తేటపరిచే యాక్టివేటెడ్ కార్బన్ వాడేటప్పుడు ఒక జాగ్రత్త. టాంగులకు, ఏంజెళ్ళకు తల మీద, పక్క గీత వెంట చర్మం గుంటలు పడే జబ్బు ఒకటుంది, హెచ్‌ఎల్‌ఎల్‌ఈ అంటారు. టాంగుల కుటుంబానికే చెందిన ఓషన్ సర్జన్ చేపల మీద 2011లో వెలువడిన అధ్యయనంలో లిగ్నైట్ (ఒక రకం బొగ్గు) కార్బన్ వడపోత ఉన్న నీళ్ళలోని చేపలకు ఇది వచ్చింది. పొడి రాలని మంచి కార్బన్ తీసుకుని, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఆర్‌ఓ నీళ్ళతో కడిగి, కొద్ది మోతాదులో వాడండి. గుంటలు తొలిదశలోనే కనిపిస్తే కార్బన్ తీసేసి, నోరి, విటమిన్లు పెంచితే చాలా చేపలు కోలుకుంటాయి.

8. రోజూ ఐదు నిమిషాలు

మేత వేసేటప్పుడే చూడండి: ఎవరు ముందుకొచ్చారు, ఎవరు రాలేదు. పెద్ద చేప ఒక పూట మేతకు రాకపోతే అది వార్త. చేప ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషానికి మొప్పలు ఎన్నిసార్లు కదులుతున్నాయో లెక్కపెట్టి రాసి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా అనుమానం వస్తే పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది.

ఉప్పు కణాల్లా విడివిడిగా తెల్ల చుక్కలు, రాళ్ళకు ఒళ్ళు రుద్దుకోవడం, పొద్దున ఎక్కువగా కనిపించి మర్నాటికి మాయమవడం: ఇది క్రిప్టోకారియాన్, మామూలు మాటలో మెరైన్ ఇక్. చుక్కలు పోయాయంటే జబ్బు పోయినట్టు కాదు. పరాన్నజీవి మూడు నుంచి ఏడు రోజులు చేప మీద ఉండి రాలిపోతుంది, రాయికో ఇసుకకో అంటుకుని గుడ్డులా కరడు కడుతుంది, దాన్లోంచి వందల కొద్దీ పిల్లలు ఈదుకుంటూ వచ్చి మళ్ళీ చేపను వెతుక్కుంటాయి. కాపర్ పనిచేసేది ఈదే ఆ పిల్లల మీదే.

పొడి చల్లినట్టు సన్నటి పూత, పంపు ముందు ప్రవాహంలో మొహం పెట్టి కదలకుండా నిలబడటం, వేగంగా ఊపిరి, మేత మానేయడం: ఇది వెల్వెట్ అనే ఇంకో పరాన్నజీవి జబ్బు కావచ్చు. ఇక్కడ రోజుల్లో ప్రాణం పోతుంది, మర్నాటి దాకా చూద్దామనుకోవద్దు. అదే రోజు చేపను వైద్యపు ట్యాంకుకు మార్చి కాపర్ మొదలుపెట్టాలి.

ఈ రెండింటిలో ఏ జబ్బు తేలినా ట్యాంకులోని చేపలన్నిటినీ బయటికి తీయాలి, ఒంటి మీద చుక్క లేనివాటిని కూడా. చేపల్లేకుండా ట్యాంకును 72 నుంచి 76 రోజులు వదిలేస్తే పరాన్నజీవికి తిండి దొరకక పోతుంది. పగడాలు, నత్తలు, రొయ్యలు అందులోనే ఉండొచ్చు, వాటి మీద అది బతకలేదు. ఆ రోజుల్లో పగడాలకు పోషకాలు తగ్గుతాయి కాబట్టి పగడాల మేత కొద్దిగా వేస్తూ ఉండండి, లేకపోతే ట్యాంకులోని బ్యాక్టీరియా కూడా పలచబడి, చేపలన్నీ ఒకేసారి తిరిగొచ్చినప్పుడు అమ్మోనియా లేస్తుంది. తిరిగి దించేటప్పుడు రెండు మూడు విడతలుగా, వారం వారం గ్యాపుతో దించండి. వల, బకెట్లు, చేతులు కూడా ఒక ట్యాంకు నుంచి ఇంకోదానికి తడిగా తీసుకెళ్ళొద్దు. పూర్తిగా ఆరబెట్టిన వలతో పరాన్నజీవి రాదు, తడి వల మీది ఒక్క చుక్కతో రావచ్చు.